కొత్తపేటలో ఎనిమిది ఏసీ గదులు

ఒక్క మీట నొక్కి ఇరవై ఆరుమంది మగపెళ్ళివారిని నడిరోడ్డు మీద నిలబెట్టిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, తీరిగ్గా చూడండి. ఇప్పుడు జుట్టు పల్చబడింది, పొట్ట నాకన్నా ఓ అడుగు ముందు నడుస్తోంది గానీ, వేలు మాత్రం అదే. ఆ వేలికి ఆ రోజు ఏ పక్షవాతమో వచ్చి ఉంటే మా పెదనాన్నగారి పరువు అంత ప్రమాదంలో పడేది కాదు.

రెండువేల దశకం చివరి రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. అమలాపురంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. మా వీధిలో ఇంటర్నెట్ వచ్చే మొట్టమొదటి సెల్‌ఫోన్ నాదే. దాని తెర అగ్గిపెట్టెకి తమ్ముడు. ఒక పేజీ తెరుచుకునేలోపు మీరు టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి రావచ్చు. అయినా సరే, ఆ ఫోన్ చొక్కా జేబులో ఉంటే నేను నేల మీద నడిచేవాణ్ణి కాదు. అందులో హోటల్ గదులు బుక్ చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఇప్పుడు మీరందరూ యాప్ అంటున్నారే, దానికి ముత్తాతన్నమాట. ఒక్కసారైనా దాన్ని వాడి చూపించాలని నాకు చెయ్యి దురదగా ఉండేది. మా ఊళ్ళో పడుకోవడానికి మాకు హోటలెందుకు? అందుకని అవకాశం రాలేదు.

గౌరక్క పెళ్ళితో వచ్చింది.

గౌరక్క మా పెదనాన్నగారి అమ్మాయి. పెదనాన్నగారిది కొత్తపేట, వరిచేలూ కొబ్బరితోటా ఉన్న ఇల్లు. అక్క హైదరాబాద్‌లో టీచరుగా పనిచేస్తుంటే సంబంధం అక్కడే కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళుండేది దిల్‌సుఖ్‌నగర్. పెళ్ళి మాత్రం కొత్తపేటలో, సాయంత్రం ముహూర్తం. మగపెళ్ళివారు ముందురోజు సాయంత్రం బస్సు మాట్లాడుకుని బయల్దేరి, తెల్లారేసరికి రావులపాలెం చేరతారు. అక్కణ్ణుంచి కొత్తపేట ఎంతోసేపు పట్టదు. వాళ్ళకి విడిది కావాలి.

విడిది వ్యవహారం మా ఇంట్లో మొదట్నుంచీ భద్రం బాబాయిది. పెదనాన్నగారి తమ్ముడు, మా నాన్నగారికీ తమ్ముడే. బాబాయి లాడ్జి మాట్లాడే తీరు చూసి తీరాలి. గదిలోకి వెళ్ళగానే మోకాలితో పరుపు నొక్కుతాడు. దిండు వాసన చూస్తాడు. కుళాయి తిప్పి, నీళ్ళు దోసిట్లో పట్టి, వెలుతురులో పెట్టి చూస్తాడు. ఫ్యాను వేసి దాని కింద మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడతాడు. ఆ తర్వాత కిందికి దిగి మేనేజరు ఎదురుగా కూర్చుని, ఆయన అమ్మమ్మగారి ఊరేదో కనుక్కుని, అటు తిప్పి ఇటు తిప్పి ఏదో ఒక వరస కలిపేస్తాడు. వరస కలిశాక ఏ మేనేజరు మాత్రం గది లేదనగలడు?

పెళ్ళికి మూడు వారాలుందనగా అందరం పెదనాన్నగారి అరుగు మీద కూర్చున్నాం.

"రావులపాలెంలో లాడ్జి మాటాడేనన్నయ్యా," అన్నాడు బాబాయి. "ఎనిమిది గదులు. కుళాయిలన్నీ తిప్పి చూసేను. ఆ మేనేజరు మన పిన్నిగారి వైపు వాళ్ళకి బావవుతాడు."

నేను నవ్వాను. ఎలాంటి నవ్వనుకుంటున్నారు? విమానంలో కూర్చున్నవాడు కింద వెళ్తున్న ఎడ్లబండిని చూసి నవ్వే నవ్వు.

"ఇంకా కుళాయిలు తిప్పి చూసే రోజులేనాండీ బాబాయ్?"

"మరేం తిప్పుతున్నార్రా ఇప్పుడు?"

"ఏమీ తిప్పట్లేదండి. నొక్కుతున్నారు," అని ఫోన్ తీశాను.

అందరూ నా చుట్టూ మూగారు. నేను ఇంగ్లీషులో కొత్తపేట అని కొట్టాను. ఫోన్ చాలాసేపు ఆలోచించి ఒకే ఒక్క హోటలు చూపించింది. 'కొత్తపేట్, ఏపీ' అని ఉంది. ఆ తర్వాత ఇంకేదో ఉంది గానీ, తెర చాలక మూడు చుక్కలు పెట్టి ఊరుకుంది. ఆ మూడు చుక్కల వెనక ఏముందో చూద్దామని నాకు తోచలేదు. చివర 'ఎ' అక్షరం ఎగిరిపోయినందుకూ అనుమానం రాలేదు. ఇంగ్లీషువాళ్ళు మన ఊళ్ళ పేర్లని ఇంతకన్నా ఎక్కువే హింసించారు కదా అనుకున్నాను.

"కొత్తపేటలో నాకు తెలీకుండా ఏసీ హోటలెప్పుడు లేచిందిరా?" అన్నాడు బాబాయి.

"కొత్తగా కట్టుంటారండి."

"ఎక్కడ కట్టేరు?"

"మెయిన్ రోడ్డు మీదండి."

"మెయిన్ రోడ్డు మీద రోజుకి నాలుగుసార్లు తిరుగుతాను నేను. ఎదురుగా ఏవుంది?"

చూశాను. "పండ్ల మార్కెట్ అని ఉందండి."

"పండ్ల మార్కెట్టా? కొత్తపేటలోనా?"

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ తప్పుని సమర్థించుకోవాల్సి వచ్చినప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేస్తుంది, మిగతా సమయాల్లోనే దానికి సెలవు. "రావులపాలెం అరటి మార్కెట్ అయ్యుంటుందండి. హైదరాబాద్ వాళ్ళకి రావులపాలెమైనా కొత్తపేటైనా ఒకటే కదా," అన్నాను. పైగా ఫోటో చూపించాను. తపాలా బిళ్ళంత ఫోటో. అందులో గుమ్మం పక్కన పచ్చగా ఒక కొబ్బరిమొక్క. "చూడండి, కొబ్బరిమొక్క కూడా ఉంది. ఇది కోనసీమ కాక ఇంకేవిటండీ?"

అది ప్లాస్టిక్ మొక్కని తర్వాత తెలిసింది.

పెదనాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశారు. "పట్నం వాళ్ళు, ఏసీ అలవాటు పడ్డవాళ్ళు. చంటిగాడు చెప్పినట్టే కానియ్యండి," అన్నారు.

చంటిగాడంటే నేనే. మరుక్షణం వేలు పని ముగించింది. ఎనిమిది ఏసీ గదులు. తెల్లవారుజామున దిగేవాళ్ళకి గదులు తయారుగా ఉండాలని, తెలివిగా ముందురోజు మధ్యాహ్నం నుంచే తీసుకున్నాను. డబ్బు కూడా అప్పటికప్పుడే కట్టేశాను. అంతటితో ఊరుకున్నానా? ఆ ఊపులోనే రావులపాలెం లాడ్జికి ఫోన్ చేసి, "మాకు మీ గదులు అక్కర్లేదండీ, మేం ఆన్‌లైన్‌లో తీసుకున్నాం," అని చెప్పేశాను. ఆన్‌లైన్ అన్న మాట దగ్గర గొంతు కొంచెం బరువుగా పలికింది.

"పోనీ ఓసారి వెళ్ళి చూసొస్తావా?" అన్నాడు బాబాయి చివరికి.

"వెళ్ళి చూడక్కర్లేకుండా ఉండడానికే కదండీ ఇది కనిపెట్టింది!"

"ఆయ్," అన్నాడు బాబాయి. మా కోనసీమలో ఆ ఒక్క ముక్కకి సరేనని అర్థముంది, అలాగా అని అర్థముంది, నీ ఖర్మ అని కూడా అర్థముంది. బాబాయి ఏ అర్థంలో అన్నాడో చెప్పకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

హోటలు వాళ్ళు పంపిన మెసేజిని నేను చదవకుండానే పెళ్ళికొడుకు తండ్రి మధుసూదన్‌రావుగారికి పంపించాను. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన వెంటనే ఫోన్ చేశారు.

"బాబూ, హోటల్ మెసేజ్ చూసిన. ఇంత ఆలోచన ఎవరు చేస్తరు చెప్పు! ముందురోజు పన్నెండింటికే దిగొచ్చా మా వాళ్ళు?"

"నిరభ్యంతరంగా దిగొచ్చండి. గదులు మీవే!"

బస్సు సాయంత్రం కదా బయల్దేరేది, పన్నెండింటికి ఎలా దిగుతారు అని మీకు వచ్చిన అనుమానం నాకు రాలేదు. పొగడ్త వింటున్నప్పుడు నాకు లెక్కలు రావు.

పెళ్ళిరోజు తెల్లవారింది. మా బంధువు మోటారుసైకిలు తీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సెంటు రాసుకుని రావులపాలెం సెంటర్లో నిలబడ్డాను. బస్సు వచ్చింది. మొదట మధుసూదన్‌రావుగారు దిగి, నన్ను చూసి, చేతులు చాపి గట్టిగా కౌగిలించుకున్నారు. నా సెంటు సగం ఆయనకి అంటుకుంది.

"నువ్వేనా బాబూ హోటల్ బుక్ చేసింది? మా వరంగల్ బావ, మా నిజామాబాద్ చిన్నమ్మ, అందరూ నిన్నటి సంది నీ పేరే తలుచుకుంటున్నరు. ఆ ఏసీ ఏంది, ఆ వేడినీళ్ళేంది!"

"అదేవిటండి మావయ్యగారూ, ఇంకా దిగలేదు కదండీ!"

"దిగుడేంది? నిన్న మధ్యాహ్నమే దిగినం కదా!"

పాపం, రాత్రంతా ప్రయాణం, నిద్ర లేదు, మాట తడబడుతోంది అనుకున్నాను. జాలిగా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "కాసేపట్లో హోటలుకి వెళ్ళిపోదాం, మీరు పడుకోవచ్చండి," అన్నాను.

"ఓ, ఇక్కడ కూడా వాళ్ళదే హోటలుందా?" అన్నారాయన సంబరంగా.

ఇక్కడ 'కూడా' అన్న మాట నా చెవిలో ఇరుక్కుపోయింది. పక్కకి వెళ్ళి హోటలుకి ఫోన్ కలిపాను.

"సార్, మీ గెస్టులు నిన్న సాయంత్రమే వెళ్ళిపోయిన్రు," అన్నాడు అవతల గుమాస్తా.

"ఎక్కడికి వెళ్ళారండీ?"

"పెళ్ళికి సార్. కోనసీమకు పోతున్నం అన్నరు."

"మీ హోటలుకి రావులపాలెం నుంచి ఎలా రావాలండీ?"

"రావులపాలెమా? అదేడుంది సార్? ఎల్బీనగర్ దిక్కా?"

మూడు చుక్కల వెనక ఏముందో అప్పుడు తెలిసింది. హైదరాబాద్ మహానగరం ఉంది, అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు కదా! ఆ కొత్తపేట దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉంది! నేను మగపెళ్ళివారికి వాళ్ళ ఇంటి పక్కన విడిది ఏర్పాటు చేశాను! ప్రపంచంలో పెళ్ళిళ్ళు మొదలైనప్పట్నుంచీ ఈ పని ఇంకెవరూ చేసి ఉండరు. ఇక్కడ చూస్తే ఇరవై ఆరుమంది మనుషులు, యాభై పెట్టెలు, తలదాచుకోవడానికి బాబాయి గొడుగు కూడా లేదు.

అదే వేలితో రావులపాలెం లాడ్జికి ఫోన్ చేశాను. "మీరొద్దన్న అరగంటకే వేరే పెళ్ళివారు తీసేసుకున్నారండీ. ఇవాళ ముహూర్తాలు ఎక్కువ. ఈ చుట్టుపక్కల ఎక్కడా ఖాళీ ఉండదండి," అన్నాడు మేనేజరు. ఆన్‌లైన్ ఏమైందండీ అని అడగలేదు. ఆయన నిజంగా మర్యాదస్థుడు.

ఇక మిగిలింది ఒక్కటే నంబరు.

"బాబాయ్..." అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను. అవతల పెళ్ళింట్లో సన్నాయి శ్రుతి చూసుకుంటున్నారు.

"ఎంతమంది?" అన్నాడు బాబాయి.

"ఇరవై ఆరండి."

"మెట్లెక్కలేనివాళ్ళెందరు? చంటిపిల్లల తల్లులెందరు? గురక పెట్టే మగాళ్ళెందరు?"

"గురక... తెలీదండి."

"బస్సు డ్రైవర్ని అడుగు, చెప్తాడు. అడిగి నాకు చెప్పు. ఓ గంటన్నర వాళ్ళని అక్కడ ఎలాగోలా ఆపు. అన్నయ్య చెవిన మాత్రం పడనీయకు."

"మీరు నన్ను తిట్టరా బాబాయ్?"

"ఇప్పుడు తీరికేదిరా? పెళ్ళయ్యేక తిడతాను."

నేను వెనక్కి తిరిగి వెళ్ళాను. ఇరవై ఆరు మొహాలు నావైపే చూస్తున్నాయి. ఏం చెప్పాలి? ఎదురుగా అరటిగెలల లారీ ఒకటి వెళ్ళింది. "మావయ్యగారండీ, మా వైపు వచ్చినవాళ్ళు ముందు మా అరటి మార్కెట్ చూడకుండా ఊళ్ళోకి అడుగుపెట్టరండి. అది మా ఆచారం!" అన్నాను. ఆచారం ఆ క్షణంలోనే పుట్టింది. ఇంకా పొగలు కక్కుతోంది.

అదృష్టం చూడండి. వాళ్ళు అంత పెద్ద అరటి మార్కెట్ జన్మలో చూడలేదు. గుట్టలు గుట్టలుగా గెలలు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూర అరటి. నేను ఒక్కొక్క గెల దగ్గరా ఆగి దాని వంశచరిత్ర చెప్పాను. తెలిసినంత చెప్పాను, తెలియనిది కల్పించాను. నిజామాబాద్ చిన్నమ్మగారు చక్కెరకేళి పళ్ళు అయిదు తిని, "బిడ్డా, మా ఊళ్ళె ఇట్ల తియ్యగుండయి," అని నా తల నిమిరారు. వరంగల్ బావగారు గెల కొనేసి భుజానికెత్తుకున్నారు. అక్కణ్ణుంచి బస్సెక్కించి గౌతమి వంతెన మీదికి తీసుకెళ్ళి గోదావరి చూపించాను. నీళ్ళు చూస్తూ అందరూ మైమరిచిపోయారు. నేను మాత్రం గడియారం చూస్తూ ఉన్నాను.

ఫోన్ మోగింది. "తీసుకొచ్చెయ్," అన్నాడు బాబాయి.

కొత్తపేటలో బస్సు ఆగేసరికి ఒక దృశ్యం. వీధికి రెండు పక్కలా గుమ్మాలన్నీ కడిగి ముగ్గులు పెట్టి ఉన్నాయి. పన్నెండు ఇళ్ళ వాళ్ళు పన్నెండు చెంబులతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో భద్రం బాబాయి, చేతిలో పెళ్ళిపత్రిక. దాని వెనక పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు.

"మోకాళ్ళ నొప్పులున్న చిన్నమ్మగారు ఈ కిందింట్లోకండి. పసిపిల్ల తల్లి ఆ ఇంట్లోకి, అక్కడ ఉయ్యాల ఉంది. వరంగల్ బావగారూ, ఇంకో ఇద్దరూ ఆ చివరి మేడ మీదకండి," అని పంచుతున్నాడు. చివరి మేడ ఎందుకో నాకూ బాబాయికీ డ్రైవరుకీ మాత్రమే తెలుసు.

ఆ గంటన్నరలో ఏం జరిగిందో తర్వాత విన్నాను. బాబాయి ప్రతి ఇంట్లోకీ వెళ్ళి లాడ్జిలో చేసినట్టే చేశాడట! ఇరుగుపొరుగు వాళ్ళ సొంత పరుపుల్ని మోకాలితో నొక్కాడు. వాళ్ళ దిండ్లు వాసన చూశాడు. "మీ కుళాయి నీళ్ళు సన్నంగా వస్తున్నాయండీ, మీ ఇల్లొద్దు," అని ఒకాయనతో అనేశాడట. ఆయనకి ఎంత రోషం వచ్చిందంటే, పావుగంటలో ప్లంబర్ని పట్టుకొచ్చి కుళాయి మార్పించి, "ఇప్పుడు చూడండి భద్రంగారూ, ఇప్పుడు చూడండి," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మరీ చూపించి ఇద్దరు అతిథుల్ని దక్కించుకున్నాడు.

ఆ తర్వాత పోటీ మొదలైంది. ఒకింట్లో పెసరట్లు, ఇంకో ఇంట్లో పూతరేకులు, మూడో ఇంట్లో కొబ్బరిబొండాలు. పెళ్ళింట్లో వేసిన టిఫిన్లు తినడానికి ఒక్కరూ రాలేదు, కడుపులు నిండి లేవలేకపోతున్నారు. చిన్నమ్మగారు కిందింటి ముసలమ్మగారితో కబుర్లలో పడి, పెళ్ళికి ఎవరో వెళ్ళి పిలిస్తే గానీ లేవలేదు.

మధ్యాహ్నం పెదనాన్నగారి అరుగు మీద మధుసూదన్‌రావుగారు లేచి నిలబడ్డారు. నేను ఓ అడుగు వెనక్కి వేశాను. ఇప్పుడడుగుతారు, ఇక్కడ హోటలేదీ అని.

"బావగారూ, నాకు అరవై ఏండ్లొచ్చినయి. ఎన్నో పెళ్ళిళ్ళు చూసిన," అన్నారాయన. "బయటి ఊళ్ళ నుంచి వచ్చిన మా చుట్టాలు మా ఇరుకింట్ల పడుకోలేక ఇబ్బంది పడుతరని, మా ఊళ్ళనే హోటల్ల పెట్టిన్రు. ఇక్కడికొస్తే హోటల్ల పెట్టకుండ ఇండ్లల్ల పెట్టుకున్నరు. మా ఊళ్ళె మమ్ముల అతిథుల లెక్క చూసిన్రు, మీ ఊరొస్తే ఇంటోళ్ళ లెక్క చూసుకున్నరు. ఇంత ఆలోచన ఎవరిది బావగారూ?"

పెదనాన్నగారికి ఏమీ అర్థం కాలేదు గానీ, కళ్ళు మాత్రం చెమర్చాయి. భద్రం బాబాయి నావైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఇన్నాళ్ళ అవమానానికి బాకీ తీర్చుకోవాలంటే ఇదే సమయం. ఒక్క మాట చాలు.

"మా చంటిగాడిదేనండి," అన్నాడు బాబాయి. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. "మూడు వారాల నుంచీ ఇదే ఆలోచన. ఆయ్."

అరుగంతా చప్పట్లు. నిండు పందిట్లో నాకు శాలువా కప్పారు. పెళ్ళికొడుక్కి కప్పినదానికన్నా నాది బాగుందని కూడా ఎవరో అన్నారు. ఆ రోజు సాయంత్రం పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. బాబాయి అన్నమాట ప్రకారం పెళ్ళయ్యాక తిట్టాడు కూడా. పెరట్లో నిలబెట్టి, లోగొంతుకతో, ఏకధాటిగా, ఒక్క తిట్టు రెండోసారి రాకుండా. శాలువా కప్పుకునే అన్నీ విన్నాను.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? మరుసటి ఏడాది మధుసూదన్‌రావుగారు మా ఇంటికి కబురు చేశారు. "మా చెల్లెలి కూతురు సునీత ఉంది. అంత ముందుచూపున్న పిల్లగాడు మళ్ళ దొరకడు," అని. పెళ్ళిచూపులకి వెళ్ళాం. కాసేపు మాట్లాడుకోండని పెద్దలు మమ్మల్ని డాబా మీదికి పంపారు. నేను ముందుచూపున్నవాడిలా దూరంగా ఎక్కడికో చూస్తూ నిలబడ్డాను.

ఆ అమ్మాయి చేతిసంచీలోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. "ఆ రోజు హోటల్ల గదుల తాళాలు తీసుకున్నది నేనేనండి. బుక్ చేసినాయన ఏదో రాసిండు, సగమే అర్థమైంది, మీరు చెప్పండి అని గుమాస్తా ఇది నా చేతికిచ్చిండు. చదవమంటారా?"

బుక్ చేసేటప్పుడు అడుగున 'మీరేమైనా చెప్పదలిస్తే' అని ఒక గడి ఉండేది. అందులో ఇంగ్లీషులో నేనేదో రాసిన మాట వాస్తవం. ఆమె దాన్ని తెలుగు చేసి తాపీగా చదివింది.

"మా అతిథులు ఎంతో దూరంలో ఉన్న హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి, బాగా అలిసిపోయి వస్తారు. దయచేసి వేడినీళ్ళు సిద్ధంగా ఉంచండి. అందులో పెద్దవాళ్ళున్నారు, మోకాళ్ళ నొప్పులుంటాయి, మెట్లెక్కించకండి. మా పల్లెటూరి వంటలు పట్నం వాళ్ళకి పడతాయో లేదో, కారం తగ్గించండి."

నేను డాబా అంచు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. దూకడానికి సరిపోతుంది.

"మా ఇల్లు ఆ హోటల్ వెనక వీధేనండి," అంది ఆమె. "నడుచుకుంటూ వచ్చినం. గుమాస్తా మమ్ముల చూసి, పాపం ఎంత దూరం నుంచి వచ్చిన్రో అని, బకెట్లతోటి వేడినీళ్ళు మోయించిండు. మిట్టమధ్యాహ్నం!"

"అయితే మీకు అప్పటినుంచీ తెలుసాండీ?"

"అప్పటినుంచే."

"మీ మావయ్యగారికి చెప్పలేదా?"

"చెప్తే మీరు ఇవ్వాళ ఇక్కడికి వచ్చేవారా?"

ఇక అడిగేశాను. "మరి అంతా తెలిసీ... ఎలా ఒప్పుకున్నారండీ?"

ఆమె ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టి మళ్ళీ సంచీలో పెట్టుకుంది. "ఊరు తప్పు రాసిండు గానీ, మా నిజామాబాద్ అమ్మమ్మ మోకాళ్ళ గురించి సరిగ్గనే రాసిండు అనుకున్న," అంది.

మా పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా ఫోన్‌లో హోటలు యాప్‌లు నాలుగున్నాయి, తెర అరచెయ్యంత ఉంది, పటం కూడా చూపిస్తుంది. కాబట్టి యావన్మంది బంధుమిత్రులకూ, ముఖ్యంగా ఆడపెళ్ళివారికీ మగపెళ్ళివారికీ, ఈ సభాముఖంగా ప్రమాణపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను. ఇకమీదట నా ఆవిడ పక్కన కూర్చుని, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్ పైకి చదివి వినిపించి, "ఊఁ, నొక్కండి," అని అనుమతి ఇచ్చేవరకూ, ఎంతటి చవక గది కనపడినా, ఎంత పచ్చటి కొబ్బరిమొక్క ఊరించినా, ఈ వేలిని జేబులోంచి బయటికి తియ్యనే తియ్యను.